ఎర్ర బుడగ తేలిన ఎండాకాలం

నా చిన్నప్పుడు చెంబెడు నీళ్లతో ఎండను దించినవాణ్ని నేను. ఈ మాట తిరుపతిలో మా వీధి చివర కాఫీ తాగే ముసలివాళ్లందరికీ తెలుసు. నమ్మినవాళ్లు తక్కువే గానీ విననివాళ్లు లేరు. మిట్టమధ్యాహ్నం, రేకుల కొట్టం, ఆ కొట్టంలో నిలువెత్తు గాజు గొట్టం. గొట్టం నిండా నీళ్లు, నీళ్లలో పదకొండు రంగుల గాజు బుడగలు. ఎండకు బుడగలన్నీ అడుగుకు దిగిపోతే పెద్దవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారనీ, తొమ్మిదేళ్ల నేను చెంబెడు నీళ్లు తెచ్చి మంత్రం వేసినట్టు ఒక్కొక్క బుడగనే పైకి లేపాననీ, సాయంత్రానికి ఊరంతా చల్లబడిందనీ చెబుతాను. మంత్రం దగ్గర కాస్త ఆగి అటూ ఇటూ చూస్తాను. అలా చూడకపోతే కథ పండదు. ముప్ఫై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని, ఎక్కడ ఆగాలో నాకు తెలుసు.

మొన్న మా కోడలు టీవీ పక్కన అలంకారానికని ఒక వస్తువు తెప్పించింది. అట్టపెట్టె విప్పితే మూరెడు గాజు గొట్టం, అందులో నీళ్లలాంటి ద్రవం, ద్రవంలో రంగురంగుల గాజు బుడగలు. ఒక్కొక్క బుడగ మెడకు ఒక చిన్న బిళ్ల, బిళ్ల మీద అంకె. చల్లగా ఉంటే బుడగలు పైన తేలుతాయి, వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. "గదిలో ఎంత వేడి ఉందో చెబుతుంది మామయ్యా, చూడ్డానికీ బాగుంటుంది" అంది. మా మనవరాలు దాని ముందు చతికిలబడి చప్పట్లు కొట్టింది. నేను కుర్చీలోంచి లేచి నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అలాంటిది చూసి అరవై ఏళ్లయింది. దాన్ని చూడగానే నా ముక్కుకు తగిలింది చచ్చిన పట్టుపురుగుల వాసన.

అందుకని ఈసారి సరిగ్గా రాద్దామని కూర్చున్నాను. గాజు నిలువెత్తు లేదు, మూరెడే. బుడగలు పదకొండు కాదు, అయిదు. మంత్రం లేదు. చల్లబడింది ఊరు కాదు, ఆ గాజులోని నీళ్లు మాత్రమే.

మాది పలమనేరు పక్క ఊరు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, ఒక విదేశీ డాక్టరు బంగళాలో వంట చేసేవాడు. ఆ దంపతులు ఉద్యోగం చాలించుకుని తమ దేశం వెళ్లిపోతూ సామాన్లు పంచిపెట్టారు. తోటమాలికి కుర్చీ, కావలివాడికి గొడుగు, మా చిన్నాయనకు ఈ గాజు. దొరసాని హాలులో పూలకుండీ పక్కన ముచ్చటకు పెట్టుకున్న వస్తువట. చిన్నాయన దాన్ని పంచెలో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఎలా చూడాలో నాయనకు నేర్పి వెళ్లిపోయాడు. దేవుడి గూట్లో పెట్టుకుందామని మా జేజి, నాయన తల్లి, ముచ్చటపడింది. నాయన వినలేదు. ఆ ఏడే ఆయన పట్టుపురుగుల కొట్టానికి పాత బోదగడ్డి కప్పు పీకించి కొత్త రేకులు వేయించాడు. గాజును కూడా అక్కడికే తీసుకెళ్లి, కిటికీ పక్క గూట్లో నిలబెట్టాడు. బంగళాలో అలంకారంగా ఉన్న వస్తువు మా కొట్టంలో అధికారి అయింది.

పట్టుపురుగుల్ని పెంచినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. పెంచనివాళ్లకు చెబుతాను. ఆ పురుగుకు వేడి ఎక్కువైనా పనికిరాదు, తడి ఎక్కువైనా పనికిరాదు. గుడ్డులోంచి వచ్చింది మొదలు గూడు కట్టేదాకా నాలుగుసార్లు అది పొర విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూడాలి. తట్టల నిండా మల్బరీ ఆకు పరిచిపెట్టి బయటికొస్తే, లోపల చినుకులు పడుతున్నట్టే చప్పుడు. ఆ వారం రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. తాలింపు వాసన తగలకూడదని కొట్టం దగ్గర పొయ్యి కూడా వెలిగించరు. వేడి పెరిగితే కిటికీలకు, వాకిటికి కట్టిన గోనెపట్టలు తడుపుతారు, నేల మీద నీళ్లు చల్లుతారు.

ఇక పక్కింటి అక్క. ఆమెకు అప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో. మాకు దూరపు చుట్టరికం కలుస్తుందనేవాళ్లు గానీ, మా ఇంటికి వచ్చేది కూలికే. తండ్రి లేడు, తల్లికి చూపు ఆనదు, తమ్ముడు నా ఈడువాడు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పురుగు చీమకన్నా సన్నం. దాన్ని వేలితో తాకకూడదు. కోడి ఈకతో మెల్లగా, సన్నగా తరిగిన లేతాకు మీదికి దించాలి. ఆ పని ఎవరు పడితే వాళ్లు చేయరు. చెయ్యి మంచిదై ఉండాలి. అక్క చేత్తో దించిన పురుగు గూడు కట్టకుండా పోదని పేరు. ఈక పట్టే ముందు మా జేజి ఆమె మణికట్టుకు పసుపుదారం కట్టి, ఆ చేతిని కళ్లకద్దుకునేది. పది ఊళ్లవాళ్లు ఆమె చేతి కోసం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లని నేను చెబుతుంటాను. పది ఊళ్లు లేవు, మా వీధిలో అయిదిళ్లు. ఆ అయిదిళ్ల పనితోనే వాళ్ల ఇంట పొయ్యి వెలిగేది.

ఆ ఎండాకాలం ఆమెకు ఒక ఆశ కలిగింది. పక్క ఊళ్లో మాకంటే నాలుగింతలు పెద్ద కొట్టం ఉన్న రైతు కబురు పంపాడు. మా పంట ఎలా వస్తుందో చూస్తాననీ, బాగా వస్తే ఏడాది పొడుగునా తన కొట్టం ఆమె చేతికే అప్పగించి, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తాననీ. మా తట్టల్లోని పురుగులు గూళ్లు కడితే అక్కకు ఒక ఇల్లు. లేకపోతే ఉన్నది కూడా పోతుంది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదేళ్లవాడికి ఏం తెలుస్తుందని మీరు జాలిపడకండి. తెలుసు.

గాజు రాకముందు కొట్టంలో వేడి చూసేది ఆమే. తట్టల నడుమ నిలబడి కాసేపు కళ్లు మూసుకునేది. మోచేతి లోపలివైపు తట్ట అంచుకు ఆనించేది. "తడపండి" అంటే తడిపేవాళ్లు, "సాలు" అంటే ఆపేవాళ్లు. గాజు వచ్చాక నాయన ఆమెను అడగడం మానేశాడు. కొత్త నియమం వచ్చింది. ఎర్ర బుడగ తేలుతున్నంతసేపు గోనెలు ముట్టకూడదు, తడి ఎక్కువై పురుగుకు బూజు పడుతుంది. ఎర్ర బుడగ దిగితే వెంటనే తడపాలి. బడికి సెలవులు కనుక, బుడగను చూడడం, అది దిగితే చేని బావి నుంచి నీళ్లు మోసి గోనెలు తడపడం నాకు అప్పజెప్పాడు.

మధ్యాహ్నానికి ముప్ఫై బిందెలు. ఇది మాత్రం కోత కాదు, నా భుజానికి ఇంకా గుర్తుంది. చిన్న బిందే గానీ కొట్టానికి, బావికి మధ్య దారి కాలే దారి. అదే బావిలో మా ఈడు పిల్లలు మెట్ల మీది నుంచి దూకుతుండేవాళ్లు. నేను బిందె ముంచిన ప్రతిసారీ పైకి నీళ్లు చిమ్మి, "ఏం రా పురుగుల కాపరీ, నీ బిడ్డలకు దాహమేస్తాందా?" అని ఎగతాళి చేసేవాళ్లు. మూడు జ్వరాల దాకా నేను ఆ ఎగతాళి పడి, నీళ్లు మోసి, గోనెలు తడిపాను. నాలుగో జ్వరం లేచిన రోజున నా బుద్ధి మారింది.

ఆ రోజు బావి నుంచి వచ్చి, తలకు చుట్టుకున్న తడి తువ్వాలు ఎక్కడ పెట్టాలో తోచక గాజు మీద వేశాను. సగం గోనెలు తడిపి తిరిగి చూస్తే, అడుగున పడి ఉన్న ఎర్ర బుడగ నిద్ర లేచినట్టు నిదానంగా పైకి వస్తోంది. గోనెల వల్లనే అనుకున్నాను. కానీ నిన్నటిదాకా గోనెలన్నీ తడిపినా అది అంత తొందరగా లేవలేదు. మర్నాడు గోనెలు ముట్టకుండా తువ్వాలు మాత్రమే తడిపి చుట్టి, కిటికీ రెక్క కాస్త తెరిచి చూశాను. గాలి తగిలేకొద్దీ తడిగుడ్డలో గాజు చల్లబడింది, బుడగ లేచింది. దానికి కొట్టం సంగతి తెలియదు. తన చుట్టూ ఉన్న నీళ్ల సంగతే తెలుసు.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం దాచుకోను. ముప్ఫై బిందెల పని చెంబెడు నీళ్లతో అయిపోయింది. ఎండను దించింది నేనే అనిపించింది. ఇన్నేళ్లుగా కాఫీ దగ్గర నేను చెప్పేది ఆ ఒక్క క్షణాన్నే. దాని ముందూ వెనకా కత్తిరించి చెబుతాను.

అలా మూడు మధ్యాహ్నాలు గడిచాయి. గుడ్డ చుట్టడం, బావికి పరిగెత్తడం, దూకడం, నాయన పొలంలో భోజనం ముగించుకుని వచ్చేలోపు తిరిగొచ్చి గుడ్డ తీసేసి గాజు తుడిచిపెట్టడం. నాయన పొలంలోంచి, ఎండలోంచి వచ్చేవాడు. ఎండలోంచి వచ్చినవాడికి ఏ కొట్టమైనా ఒక నిమిషం చల్లగానే ఉంటుంది. ఆ నిమిషంలోనే ఆయన గాజు వైపు చూసి, ఎర్రది తేలుతోందని తృప్తిపడి వెళ్లిపోయేవాడు. పొద్దంతా ఆ రేకుల కింద ఉండేది అక్క ఒక్కతే, కానీ తట్టల వరసలు అడ్డుండి ఆమెకు ఆ గూడు కనబడదు.

మూడో రోజు ఆమె ఆయన్ను వాకిట్లో ఆపింది.

"మామా, లోపల ఉడుకు పట్టేసినాది. పురుగు తల ఎత్తుతాంది, ఆకు ముట్టడంలా. గోనెలు తడపనీ."

"ఎర్రది తేల్తా ఉండాది గదమ్మే. తడి ఎక్కువైతే బూజు పడితే ఎవురు సమాధానం చెప్పేది? దొరసాని బంగళాలో పెట్టుకున్న వస్తువది. అది చెప్పేదానికన్నా నీ మోచెయ్యి ఎక్కువ చెప్తాదా?"

"బంగళాలో పురుగులుండ్లేదు గదా మామా."

నాయన నవ్వాడు. "నోరు మాత్రం బో బాగుండాది" అని భుజాన తువ్వాలు దులుపుకుని పోయాడు. ఆమె నా వైపు తిరిగి, "సామీ, రెండు బిందెలన్నా తేరా, నేలన్నా తడుపుదాం" అని బతిమాలింది. ఎర్రది తేలుతోంది కదక్కా, నాయన వద్దన్నాడు కదా అన్నాను. ఎంత బుద్ధిమంతుడిగా అన్నానో నాకిప్పటికీ వినబడుతుంది.

నాలుగో మధ్యాహ్నం బావిలో ఒళ్లు మరిచాను. ఎవరెంతసేపు నీళ్లలో మునిగి ఉంటారని పందెం పెట్టుకున్నాం. నేనే గెలిచాను. గెలిచి పైకి వచ్చేసరికి పొద్దు వాలింది. పరిగెత్తుకుంటూ కొట్టంలోకి వస్తే, అక్క గూటి ముందు నిలబడి ఉంది. నా తువ్వాలు ఆమె చేతిలో ఉంది. గాజు మీద ఇంకా నీటి చుక్కలు జారుతున్నాయి. గుడ్డ తీసిన గాజులో ఎర్ర బుడగ ఒక్కసారి ఊగి, నేను చూస్తుండగానే కిందికి దిగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఇన్నేళ్లుగా నేను ఇలా చెబుతున్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తువ్వాలు పిండి నా భుజాన వేసింది. బిందె తీసుకుని బావికి వెళ్లింది. చీకటి పడేలోపు ఒక్కతే గోనెలన్నీ తడిపింది.

కానీ పురుగుకు అప్పటికే దెబ్బ తగిలింది. మర్నాడు పొద్దున తట్టల్లో చప్పుడు లేదు. చినుకుల చప్పుడు ఆగిపోయిన కొట్టంలోకి అడుగు పెడితే చెవులు మూసుకుపోయినట్టుంది. ఆకు పరిచింది పరిచినట్టే వాడిపోయి ఉంది. దాని మీద వేలు లావున ఉన్న తెల్లటి పురుగులు పక్కకు ఒరిగి, మెత్తబడి, తల దగ్గర నల్లబడి ఉన్నాయి. కొన్ని నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. వేలితో తాకితే తోలు చిట్లి కారిపోతున్నాయి. బతికి ఉన్నవి కూడా తట్ట అంచు దాకా పాకి, తల అటూ ఇటూ ఆడించి, అక్కడే ఉండిపోయాయి. మూడు రోజుల్లో అన్నీ పోయాయి. ఆ వాసన గురించి నేను రాయలేను. మూడో రోజు నాయన కొట్టం వెనక గొయ్యి తవ్వి, తట్టలు తట్టలుగా తెచ్చి బోర్లించి, పైన సున్నం చల్లాడు. ప్రతి తట్టనూ అక్క ఒక పక్క పట్టుకుంది. సున్నం మీద ఎండ పడి కళ్లు చెదిరిపోయాయి.

మా ఊళ్లో పురుగు చస్తే ఎందుకు చచ్చిందని వేడిని అడగరు, రేకుల్ని అడగరు. దించిన చేతిని అడుగుతారు. నాయన గాజును తప్పుపట్టలేదు. ఎర్ర బుడగ ఆయన చూసిన ప్రతిసారీ తేలుతూనే ఉంది కదా. గొయ్యి పూడ్చిన సాయంత్రం మా జేజి అక్కను వాకిట్లోకి పిలిచింది. కళ్లకద్దుకున్న చేతినే పట్టుకుని, పసుపుదారం కొడవలితో తెంపింది.

"చెయ్యి చెడిపోయిందమ్మే. నీదేం తప్పులేదు, ఏ కన్ను తగిలిందో. ఇంక ఈక ముట్టుకోబాక" అంది.

జేజి చెడ్డది కాదు. ఆ మాట ఏడుస్తూనే అంది. కానీ అది వాకిట్లో అన్న మాట, అరగంటలో వీధి చివరకు చేరింది. మిగతా నాలుగిళ్లవాళ్లు ఎవరూ ఆమెతో తగువు పడలేదు. పిలవడం మానేశారు, అంతే. వారం తర్వాత ఆమె తలమీద కట్టెల మోపుతో వీధిలో పోతుంటే, ఎదురింటామె పరుగున వెళ్లి తన తట్టల మీద పాత చీర కప్పడం నేను అరుగు మీద కూర్చుని చూశాను. అక్క కూడా చూసింది. మోపు సర్దుకుని నడిచిపోయింది. పక్క ఊరి రైతు నుంచి మళ్లీ కబురు రాలేదు. ఆమె స్వయంగా ఆ ఊరికి నడిచి వెళ్లిందనీ, ఆయన వాకిలి దాటి లోపలికి రానివ్వకుండా మజ్జిగ ఇచ్చి పంపేశాడనీ తర్వాత విన్నాను.

మామిడికాయల కాలం రాగానే తల్లినీ తమ్ముణ్నీ తీసుకుని చిత్తూరు వెళ్లిపోయింది. అక్కడ మామిడిగుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయలు కోసే పని. పొద్దస్తమానం కాయల జీడి సొన తగిలితే చేతులు బొబ్బలెక్కి తోలు ఊడుతుంది. ఈకతో చీమంత ప్రాణాల్ని దించిన ఆ వేళ్లు నల్లగా, మొద్దుగా మారిపోయాయి. నేను పెద్ద పరీక్షలు రాయడానికి చిత్తూరు వెళ్లినప్పుడు వాళ్ల ఇంట్లో రెండు రోజులున్నాను. ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టింది. నేను తలవంచుకుని తిన్నాను. అప్పుడైనా నాయన బతికే ఉన్నాడు, ఊరు వెళ్లి చెప్పవచ్చు. చెప్పలేదు. ఆయన పోయేదాకా, గాజు పగిలి ఎక్కడ పోయిందో తెలియనంత కాలం గడిచేదాకా చెప్పలేదు.

చెప్పకపోగా, దాన్ని పాఠం చేశాను. మాస్టరునయ్యాక ప్రతి ఏడూ బడి తెరిచిన మొదటి వారంలో పిల్లలకు ఈ కథ చెప్పేవాణ్ని. అందులో తప్పు చేసిన పిల్లవాడు ఎవరో ఒక పిల్లవాడు. వాణ్ని కాపాడడానికి నింద తన మీద వేసుకుని, నోరు మెదపకుండా వెళ్లిపోయిన ఒక అక్క. "చూశారా, మాట్లాడకుండా ఉండడంలో ఎంత గొప్పతనం ఉందో!" అని ముగించేవాణ్ని. పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. ఒకమ్మాయి ఆ అక్క బొమ్మ గీసి తెచ్చింది. బొమ్మలో ఆమె తల చుట్టూ వెలుగు ఉంది. మంచి మాస్టరని నాకు పేరొచ్చింది. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఆమె మౌనమేననీ, ఎవరి మీదైనా నింద పడుతుంటే ఆ మౌనం గుర్తొచ్చి నేను ముందుకొచ్చి మాట్లాడతాననీ, ఇక్కడికి రాసి ఆపుదామనుకున్నాను.

రాసింది ఆమెకు వినిపించకుండా ఎవరికీ ఇవ్వకూడదనిపించింది. పూతలపట్టు మీదుగా చిత్తూరు పోయే బస్సెక్కాను. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు దాటాయి, కూతురి ఇంట్లో ఉంటోంది. నేను వెళ్లేసరికి నడవలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఏం అయ్యోరూ, దారి తప్పినావా?" అని కూర్చోమంది. కాగితాలు తీసి మొదటి నుంచీ చదివాను. చెంబెడు నీళ్లతో ఎండను దించానన్న దగ్గర పకపకా నవ్వింది. ఎదురింటామె చీర కప్పిన దగ్గర తల పంకించింది. నోరు మెదపకుండా తువ్వాలు నా భుజాన వేసిందన్న దగ్గర చింతపండు పక్కన పెట్టి, చెయ్యి పైకెత్తింది.

"ఆపు. యాడేసినాను నీ బుజాన? ఆ తడిగుడ్డ చేతిలో పట్టుకొనే మీ నాయన కాడికి పోయినాను. పొలంలో ఉండాడు. 'మామా, నీ కొడుకు గాజుకు గుడ్డ సుట్టి మోసం చేస్తా ఉండాడు, పురుగు సచ్చిపోతాది' అని చెప్పినాను. మీ నాయన నిన్ను పిలిపించి అడిగినాడు. నువ్వేమన్న్యావు?"

నేను కాగితాల అంచులు సర్దాను.

"చెప్పు, ఇంత రాసినావు గదా. నా మొగం సూస్తానే, 'అక్క అబద్దమాడతాంది నాయనా, తన తప్పు నా మీద ఏస్తాంది' అన్న్యావు. మీ నాయన నాకు చెయ్యెత్తినాడు. కొట్టలేదులే. కూలికొచ్చే పిల్ల మాట ఇంటి పిల్లోడి మాట మీద నెగ్గతాదా? గోనెలు తడిపేదానికే నాకు చీకటి పడింది, లేకుంటే జేజికి కూడా చెప్పుందును. తెల్లారి జేజికీ చెప్పినాను. దారం తెంపేటప్పుడూ చెప్పినాను. ఆ రైతు ఊరికి పోయింది కూడా అది చెప్పేదానికే."

ఆమె చెప్పాక గుర్తొచ్చిందని ఇక్కడ రాసుకోవచ్చు. అలా రాస్తే అది ఇంకో కోత అవుతుంది. నేను దాన్ని ఎన్నడూ మరిచిపోలేదు. ఆ రోజు పొలం గట్టు మీద నా గొంతు ఎలా ఉందో, నాయన ఎత్తిన చెయ్యి ఎంతసేపు గాలిలో ఆగిందో, అన్నీ తెలుసు. నేను మోస్తూ వచ్చింది ఆమె మౌనాన్ని కాదు. ఆ ఒక్క వాక్యాన్ని. అది బయటికి రాకుండా ఉండడానికే ఆమె నోటికి మౌనం తగిలించి, పిల్లల్ని ఏడిపించాను. ఈ కాగితాల్లో కూడా ఇందాకటిదాకా అదే పని చేశాను. తప్పు ఒప్పుకుంటున్నాననే పేరుతో.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకోబోయాను. ఆమె మళ్లీ చింతపండు ముందుకు లాక్కుని, నా వైపు చూడకుండానే అంది.

"రాస్తే సరిగ్గా రాయి, లేకుంటే చించెయ్. నన్ను మంచిదాన్ని చెయ్యాలని నా నోరు మూయబాక. నేను చెప్పినాను. మీరెవురూ నమ్మలా."